గెడ మొన మీది మట్టి

కుంపటి వెలిగించే ముందు డాక్టర్ రుఖియా ఒకే ఒక్క షరతు పెట్టింది.

"లోపలికి వెళ్ళాక మాట్లాడకండి సార్. గట్టిగా పీల్చుకోండి, అంతే. ఇది మళ్ళీ రాదు."

"మళ్ళీ రాదంటే?"

"కాలిందంటే అయిపోయినట్టే. ఆ ఏడాది ఇంక లేదు."

సైదు గోవర్ధనం నవ్వుతూ గాజు గదిలోకి అడుగుపెట్టాడు. విశాఖపట్నంలోని ఆ ప్రయోగశాలకు పార్లమెంటు సంయుక్త కమిటీ ఛైర్మన్ హోదాలో వచ్చాడాయన. ఎదురుగా ఇనుప పెట్టె, దాని మధ్యలో బిస్కెట్టు పలుకంత మట్టిముక్క. యంత్రానికి పెద్ద పేరేదో ఉంది గానీ, ప్రయోగశాలలో అందరూ దాన్ని కుంపటి అనే పిలుస్తారు. సరస్సు అడుగున ఏటేటా ఒక పలచటి పొర పేరుకుంటుంది. ఆ ఏడాది నీళ్ళలో ఏముందో, గట్టున ఏం పూసిందో, ఏం కుళ్ళిందో అంతా ఆ పొరలో అణిగి ఉంటుంది. గాలి లేని చోట దాన్ని మెల్లగా వేడిచేస్తే, అణిగి ఉన్నదంతా లేచి వస్తుంది. గదిలో ఉన్నవాడు ఆ ఏటి గాలి పీలుస్తాడు.

పెట్టె ఎర్రబడింది. గోవర్ధనం ఊపిరి లోపలికి లాగాడు. మరుక్షణం కళ్ళు మండాయి. కోళ్ళ వ్యర్థాలు, డీజిలు, చేపల చెరువుల్లో చల్లే మందు. తలుపు తోసుకుని బయటికొచ్చి దగ్గసాగాడు.

"ఏ ఏడాదమ్మా ఇది?"

"రెండువేల పదిహేడు. బిల్లులో మీ పార్టీ పెట్టమంటున్న ఏడాది."

గోవర్ధనం మూతి తుడుచుకున్నాడు. జలభూముల బిల్లులో అసలు తగువంతా ఆ ఒక్క ఖాళీ గురించే. దేశంలో ప్రతి సరస్సునూ 'ఫలానా సంవత్సరంలో ఉన్న స్థితికి' తీసుకురావాలని రాసి, ఆ సంవత్సరం దగ్గర చుక్కలు పెట్టి కమిటీకి పంపారు.

"ఎనభైమూడు ఉందా?" అని అడిగాడు.

రుఖియా గాజు గొట్టం తెచ్చి బల్ల మీద పడుకోబెట్టింది. మోచేయంత పొడవున నల్లటి మట్టి.

"మందపాడు సరస్సునంతా పొక్లెయిన్లు కలగబెట్టేశాయి సార్. పొరలు చెదరని చోటు ఒక్కటే దొరికింది, మీ పైడిలంక పాత రేవు రాళ్ళ కింద. ఎనభైమూడు ఉంది, ఒక్క ముక్క. అన్నిటికన్నా అడుగున అరవై అయిదు ఉంది. అదీ ఒక్క ముక్కే."

"ఎనభైమూడుని జాగ్రత్తగా ఉంచు. కమిటీ మొత్తాన్నీ తీసుకొస్తా. ఒక్కసారి పీల్చారంటే వాళ్ళే ఆ ఏడాదికి ఓటేస్తారు."

---

ఢిల్లీలో పార్టీ కేంద్ర కార్యాలయం మూడో అంతస్తులో కొమరగిరి వంశీధర్ ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. ఒకప్పుడు ఏలూరులో గోవర్ధనం సంచి మోసినవాడు. ఇప్పుడు జాతీయ ప్రధాన కార్యదర్శి. టికెట్ల జాబితా అతని చేతిమీదుగానే వెళుతుంది.

"రా అన్నా, కూర్చో. పదిహేడుకి ఖాయం చేసేశావా?"

"పదిహేడు నాటికి సరస్సులో సరస్సెక్కడుందిరా? అన్నీ చేపల చెరువులేగా."

"అందుకేగా పదిహేడు." వంశీధర్ దాపరికం లేకుండా నవ్వాడు. "ఉపగ్రహ చిత్రం ఉంది, కోర్టులో నిలబడుద్ది. ఎవరి చెరువూ పోదు. మనకి చట్టం తెచ్చిన పేరొస్తది. కమిటీలో మనోళ్ళూ వాళ్ళూ సరిసమానం. తేల్చాల్సింది నీ ఓటే. నిన్ను ఛైర్మన్ని చేసింది నీ మీసాలు చూసి కాదన్నా."

"మా ఊరు చూసి అనుకున్నాను."

"ఊరు చూసే. సరస్సులో పుట్టినోడే సంతకం పెడితే ఇంకెవడు నోరెత్తుతాడు?"

గోవర్ధనం కుర్చీలోంచి లేచాడు. "నేను చేరిన పార్టీ ఇది కాదురా," అన్నాడు.

"ఆ పార్టీ ఎప్పుడుందన్నా? నీకప్పుడు పద్దెనిమిదేళ్ళు, అంతే."

మెట్లు దిగుతుంటే అద్దాల గోడల మధ్య నిమ్మకాయ వాసన సెంటు ముక్కుకు కొట్టింది. ఏలూరు పార్టీ ఆఫీసు గుర్తొచ్చింది ఆయనకు. ఒక పెంకుటిల్లు. పెరట్లో రాళ్ళపొయ్యి మీద మైదా జిగురు ఉడుకుతూ ఉండేది. ఆ జిగురు బకెట్టు తాటిదోనెలో పెట్టుకుని లంకలన్నీ తిరిగి పోస్టర్లు అంటించేవారు. తెల్లారేసరికి వేళ్ళు అట్టకట్టేవి. జీతం లేదు, పదవి లేదు. ఎవరింటికెళ్ళినా చేపల పులుసు, అన్నం. ఆ జిగురు వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే బాగుండునని ఆయన చాలాసార్లు అనుకున్నాడు.

---

పైడిలంకలో అక్క పేరంటాలు వరండా మెట్టు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఎనభై ఏళ్ళు. నడుం వంగింది గానీ మాట వంగలేదు. ఆమె వెనక ఉన్న డాబా ఇల్లు గోవర్ధనం మొదటిసారి ఎంపీ అయినప్పుడు కట్టించి ఇచ్చాడు. తల్లి పోయేనాటికి తను పాలు తాగే పిల్లాడు. పేరంటాలే చేపలమ్మి పెంచింది. ఆమెకు ఇల్లు కట్టించడం ఒక్కటే తన జన్మలో అనుకున్నట్టు జరిగిన పనని ఆయన నమ్మకం.

"అయితే ఆ పిల్ల పెట్టెలో మట్టి కాల్చి పాతకాలం వాసన చూపిస్తదంటావ్."

"అవునక్కా. నిన్నూ తీసుకెళ్తాను. కమిటీ ముందు సాక్షివి నువ్వే. ఎనభైమూడు చూపిస్తారు."

"ఎనబై మూడా? అదేం ఏడాదిరా?"

"నేను ఈత నేర్చుకున్న ఏడాది."

"నువ్వు ఈత నేర్చుకుంటే సరస్సుకేంట్రా? ఢిల్లీలో అందరూ నీలాగే మాట్టాడతారా?"

గోవర్ధనం నవ్వాడు. ఆమె చింతపండు పక్కన పెట్టి, గోడవారగా ఉన్న పొడవాటి వెదురు గెడ వైపు చూసింది. దాని మీద చీర ఆరేసి ఉంది.

"అమ్మున్నప్పటిది దొరుకుద్దంటావా?"

"దొరుకుద్ది. ముందు నా పని కానీ, తరవాత నీకది ఇప్పిస్తా. మాటిస్తున్నా."

ఆ గెడ తల్లిది. దాంతో ఆమె తీర్చిన తగువులు పేరంటాలు చెబితే విన్నవే తప్ప గోవర్ధనం చూసినవి కావు. గట్టున ఉన్న రైతుకూ సరస్సులోని బెస్తకూ హద్దు తగువొస్తే, ఇద్దరూ కలిసి వాళ్ళమ్మను పిలిచేవారట. తగువు పడ్డ చోట గెడను అడుగంటా గుచ్చి, పైకి లాగి, మొనకంటిన మట్టిని ఆమె వాసన చూసేది. సరస్సు మట్టి అయితే సరస్సుది, చేలమట్టి అయితే రైతుది. పైన గడ్డి మొలిచిందా, నీళ్ళున్నాయా అని ఎవరూ అడిగేవారు కాదు. ఆమె మాటకు తిరుగులేదు. ఒకసారి తన సొంత తమ్ముడు వేసుకున్న వరిమడిని కూడా సరస్సులో కలిపేసిందని, అతను ఏడాదిపాటు గుమ్మం తొక్కలేదని పేరంటాలు ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

---

కమిటీ సభ్యులు పొద్దున్నే ప్రయోగశాలకు చేరారు. అందరూ పట్టేలా రుఖియా పెద్ద గాజు గది సిద్ధం చేసింది. ముందు వరుసలో ప్రతిపక్షం తరఫున అస్సాం సభ్యురాలు మృణాళినీ బరువా కూర్చుంది. ఆమె పక్కనే పేరంటాలు, ఉతికిన నేతచీరలో, చెప్పులు విప్పి బల్ల కింద పెట్టుకుని.

ఎనభైమూడు పెట్టెలోకి వెళ్ళింది.

మొదట నాచు. ఆపైన తడిసిన తాటిదోనె. ఎండిన గురక చేపల తట్ట. తుంగ కోసినప్పటి పచ్చి వాసన. అన్నిటికీ అడుగున చిన్న ఘాటు, నాలిక చివర తగిలీ తగలనట్టు. గోవర్ధనం కళ్ళు మూసుకున్నాడు. పదకొండేళ్ళ ఒళ్ళు నీళ్ళలో తేలుతోంది. దోనె అంచు పట్టుకున్న చేతిని అక్క ఒక్కటేసి విడిపించింది. "కొట్రా కాళ్ళు! మునిగితే నేను లేనా!" ఆ ఘాటే. ఆ ఘాటే తన ఊరు. ఢిల్లీలో ఎన్ని రాత్రులు దానికోసం ముక్కు వెతుక్కుందో!

కళ్ళు తెరిచి చూసేసరికి సభ్యుల్లో సగం మంది జేబురుమాళ్ళు మూతికి అడ్డం పెట్టుకున్నారు. రాజస్థాన్ సభ్యుడైతే తలుపు వైపు చూస్తున్నాడు. వాళ్ళకది కుళ్ళిన బురద, చేపల నీచు. అంతకన్నా ఏమీ కాదు.

పెట్టె చల్లబడింది. అందరూ బయటికొచ్చారు. మృణాళినీ బరువా రుమాలు అడ్డం పెట్టుకోలేదు, అయినా మొహంలో మెత్తదనం లేదు.

"ఛైర్మన్ గారూ, ఇది మీ చిన్నతనం. బాగుంది," అంది ఆమె హిందీలో. "నాకూ ఒక చిన్నతనం ఉంది, బ్రహ్మపుత్ర పక్కన. అది వేరే ఏడాది. ప్రతివాడి చిన్నతనాన్నీ చట్టంలో ఎలా రాస్తాం? దీనికన్నా మీ పార్టీ చెప్పే ఉపగ్రహ చిత్రమే నయం. దానికి కనీసం బాల్యం లేదు."

కొందరు నవ్వారు. గోవర్ధనం ఆఖరి ఆశగా అక్క వైపు తిరిగాడు.

"సాక్షి చెబుతారు. అక్కా, ఇది మన సరస్సే కదా? వీళ్ళకి చెప్పు."

పేరంటాలు ముక్కుపుటాలు తుడుచుకుంది.

"మనదే. కానీ ఇది పాడైపోయాక వచ్చిన వాసన్రా."

"ఏంటక్కా?"

"ఉప్పు. నీకు తెలవట్లా? సముద్రం కాలువ తవ్వాక వచ్చిన ఉప్పిది. వరదనీళ్ళు పోతాయని తవ్వారు, ఆ దారినే ఉప్పు లోపలికొచ్చింది. తెల్లకలవలు మాడిపోయినయ్. నీళ్ళలో తనంతట తను పండే వడ్లుండేయి, అయ్యీ పోయినయ్. అమ్మ గెడ పట్టుకుని రేవులో కూలబడి ఏడ్చింది. ఆ కాలువకి కొబ్బరికాయ కొట్టింది మీ పార్టీ మంత్రే. నువ్వు పుట్టకముందు."

రుఖియా ఆ మాటలు ఇంగ్లీషులో చెబుతుంటే గదిలో ఎవరూ నవ్వలేదు. గోవర్ధనం కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఇంటి వాసన అనుకుని గుండెలో దాచుకున్న ఘాటు ఒక దెబ్బ తాలూకు మచ్చ. జిగురు ఉడికిన పెంకుటింట్లో గోడకు వేలాడిన దండల ఫోటో కూడా గుర్తొచ్చింది. ఆ మంత్రిదే అది. రోజూ దానికి దణ్ణం పెట్టి దోనె ఎక్కేవాడు.

---

సభ్యులు భోజనానికి వెళ్ళాక రుఖియా గాజు గొట్టం మళ్ళీ తెచ్చింది. అడుగున మిగిలిన ఆ ఒక్క ముక్కనూ చూపించింది.

"అమ్మా, ఇది కాలువ రాకముందుది. మీ అమ్మగారున్నప్పటిది. మీకోసం వేడి చెయ్యమన్నారు సార్."

పేరంటాలు గొట్టానికి మొహం ఆనించి చూసింది. గాజు మీద ఆవిరి పట్టింది.

"కాల్చాక ఏం మిగులుద్దమ్మాయ్?"

"బూడిద."

"మరి ఇదే మా సరస్సు మట్టని రేపెవరన్నా కాదంటే, దేంతో పోల్చి చూపిస్తావ్?"

"దీంతోనేనమ్మా. వేరే లేదు."

ముసలామె గొట్టం మీద చెయ్యి అలాగే ఉంచింది. గోవర్ధనం పక్కకు వచ్చి, "నేను మాటిచ్చానక్కా," అన్నాడు. "ఎవరికోసమూ ఆగక్కర్లేదు. చూసేయ్."

"చూడాలని లేదా ఏంటి నాకు? అమ్మ కొంగు వాసన్రా అది." గొట్టాన్ని రుఖియా వైపు నెట్టింది. "వద్దమ్మాయ్. దాచేసెయ్. నేనొక్కదాన్ని పీల్చేస్తే అయిపోద్ది."

తరవాత తమ్ముడి వైపు తిరిగి విసుక్కుంది. "ఏడాది, ఏడాది అని ఆ గోలేంట్రా మీది? అమ్మ ఎప్పుడన్నా తగువులో ఏ ఏడాదని అడిగిందా? మట్టి అడిగింది."

గోవర్ధనం తల ఎత్తాడు. అప్పటికే భోజనం ముగించి తలుపు దగ్గర నిలబడ్డ మృణాళినీ బరువా, "ఆమె ఏమన్నారు?" అని అడిగింది.

ఆయన గెడ సంగతంతా చెప్పాడు. సొంత తమ్ముడి వరిమడి సంగతితో సహా.

---

కమిటీ ఆఖరి సమావేశం ఢిల్లీలో. ఒక్కో నిబంధనా చదివి ఓటు వేస్తున్నారు. చుక్కల దగ్గరికి వచ్చేసరికి ఛైర్మన్ బల్ల మీద కొత్త సవరణ ఉంది. సంవత్సరమే లేదు. నేలలో సరస్సు మట్టి ఎంతమేర ఉంటే అంతమేరా సరస్సే. పైన చెరువు తవ్వినా, చేను వేసినా, డాబా కట్టినా సరే. దాని కింద మృణాళినీ బరువా పట్టుబట్టి చేర్పించిన వాక్యం మరొకటి: నివాసం ఉన్నవారికి వేరే చోట ఇల్లు కట్టించాకే ఖాళీ చేయించాలి.

ఓట్లు సమానంగా చీలాయి. గోవర్ధనం ఫోను బల్ల మీద అదే పనిగా కదులుతోంది. తీసుకుని చెవికి ఆనించాడు.

"అన్నా, పిచ్చి పట్టిందా?" వంశీధర్ గొంతు. "మందపాడు చుట్టూ ఎవరి చెరువులున్నయ్యో తెలుసా? మనోళ్ళవేగా అన్నీ! నువ్వు చెయ్యెత్తావంటే జాబితాలో నీ పేరుండదు. నలభై ఏళ్ళు పార్టీ నిన్ను మోసింది."

"నేను దాన్ని దోనెలో మోశాన్రా, మైదా బకెట్టుతో సహా."

"ఇంకో సంగతి. పైడిలంక మొత్తం పూడ్చిన నేలే. మీ అక్క ఇల్లెక్కడుందనుకుంటున్నావ్? గాలిలోనా?"

గోవర్ధనం ఫోను చెవి నుంచి దించాడు.

ఈ మాట ఆయనకు నిజంగానే తట్టలేదు. ఆ డాబా, వరండా, చింతపండు గింజ తీసే మెట్టు. గదంతా తన వైపే చూస్తోంది. ఒక్క నిమిషం సమయం అడిగి వరండాలోకి నడిచి, పైడిలంకకు ఫోను కలిపాడు.

"అక్కా, ఈ చట్టం వస్తే మన ఇల్లు పోతుంది."

అవతలి నుంచి కసురు వినిపించింది.

"ఇదడగటానికి ఫోన్ చేశావా? అమ్మ తన తమ్ముణ్ణి అడిగే గెడ గుచ్చిందా? పెట్టెయ్, పొయ్యి మీద పులుసుంది."

ఆయన లోపలికి వెళ్ళి చెయ్యి ఎత్తాడు.

---

ఎన్నికల ముందు సొంత ఛైర్మన్ నివేదికను, అదీ ప్రతిపక్షం మెచ్చుకున్నదాన్ని, చెత్తబుట్టలో వేసే ధైర్యం ప్రభుత్వానికి లేకపోయింది. బిల్లు గట్టెక్కింది. గోవర్ధనానికి టికెట్ రాలేదు. చెరువులవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. రుఖియా గాజు గొట్టం పట్టుకుని వెళ్ళి న్యాయమూర్తి ముందు పెట్టింది. కాలని ఆ ఒక్క ముక్కే కేసు గెలిపించింది.

కొలతలవాళ్ళు పైడిలంక వచ్చిన రోజు గోవర్ధనం అక్క పక్కనే నిలబడ్డాడు. మాజీ ఎంపీకి కుర్చీ వేస్తామన్నా వద్దన్నాడు. వాళ్ళ దగ్గర ఉక్కు గొట్టం, దాన్ని నేలలోకి దించే మోటారు ఉన్నాయి. పేరంటాలు గెడ మీద ఆరేసిన చీర తీసి, గెడ తెచ్చి ఇచ్చింది.

"మీ మోటారుతో గుంట తవ్వుకోండి బాబూ. మట్టి మాత్రం దీంతో తియ్యండి."

"చట్టంలో అలా లేదు మామ్మా," అన్నాడు సర్వేయరు.

"చట్టం నా ముందే పుట్టింది, నాకు చెప్పకు."

సర్వేయరు నవ్వుతూ సరేనన్నాడు. పెరట్లో, వంటింటి గోడకు ఆనుకుని గుంట దిగింది. ఎర్రమట్టి, ఇటుకముక్కలు, ఇసుక. ఆ కింద, ఎప్పుడో ఊరి మిట్ట పోసిన నాటి మట్టి. కాలువ తవ్వకముందే పోసిన మిట్ట అది. దాని అడుగుకు చేరాక గెడ గుచ్చారు. ఇద్దరు మనుషులు కలిసి పైకి లాగారు. మొన మీద ముద్ద నల్లగా, నూనె రాసినట్టు మెరిసింది.

సర్వేయరు గోడ మీద సుద్దతో గుర్తు పెట్టాడు. ఇల్లు సరస్సుది.

పేరంటాలు ఆ గుర్తు వైపు చూడలేదు. గెడ మొన దగ్గరికి తీసుకుని మొహం ఆనించింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆమె ముక్కు చివర నల్లటి మట్టి అంటుకుంది. భుజాలు కదులుతున్నాయి. గోవర్ధనం కంగారుపడి పట్టుకోబోయాడు. అప్పుడు చూశాడు, ఆమె ఏడవడం లేదు, లోపలికి పీల్చుకుంటోంది.

"ఉప్పు లేదురా," అంది. "ఒక్క పిసరు కూడా లేదు."

మొనను తమ్ముడి వైపు తిప్పింది. గోవర్ధనం వంగి ఊపిరి లాగాడు. చల్లగా, కొంచెం తియ్యగా, నానిన వడ్లలా ఏదో ఉంది. ఆయన తన ఘాటుకోసం వెతికాడు. అది లేదు. దోనె అంచు లేదు, ఈత లేదు. ఎన్నడూ వెళ్ళని ఇంటి ముందు నిలబడ్డట్టుంది.

"నాకేం తెలియట్లేదక్కా."

"నీకెలా తెలుస్తదిరా?" ఆమె నల్లటి వేలితో తమ్ముడి బుగ్గ తుడవబోయి, ఇంకాస్త మట్టి పూసింది. "అమ్మని నువ్వు చూళ్ళేదుగా."

సర్వేయరు పక్కింటి గుమ్మం ముందు నిలబడి గెడ కోసం కేకేశాడు. పేరంటాలు దాన్ని భుజాన పెట్టుకుని తనే బయలుదేరింది.